ఇరవై సెకండ్ల బైట్

"తప్పు మాదే సార్. మా పిలగాడు ఫారెస్టు సార్ల మీదికి పోయిండు. పోవద్దుండె. మాకు మాఫీ జెయ్యున్రి."

ఫోనులో గొంతు ఆగింది. దీప మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే గొంతు, అదే దగ్గు, అదే మాఫీ.

వాకిట్లో మంచం కోడుకు ఆనుకుని కూచున్న ధన్‌సింగ్ తల ఎత్తలేదు. తన గొంతు తనకే పరాయిగా వినిపిస్తోంది.

"ఇనబడ్తున్నదా మామా?" అంది దీప.

ఈ ఇంటికి చిన్న కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఆమె మామకు ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. ఇప్పచెలక తండాలో అది పద్ధతి. ఏం కావాలన్నా అత్తకు చెప్పేది, అత్త మామకు చెప్పేది. ఇప్పుడు అత్త మాట్లాడటం లేదు. నడుమ ఆ మనిషి తప్పుకునేసరికి మాటలు నేరుగా వచ్చి తగులుతున్నాయి.

"నిన్న ములాఖత్‌ల ఏం జెప్పిండో ఎరికేనా నీ కొడుకు? జైల్ల పక్కపొంటి ఉన్నోడు చెప్పిండట. 'మీ నాయినే టీవీల ఒప్పుకున్నడు, నువ్వేంది ఇంక కొట్టలే కొట్టలే అంటవు' అన్నడట. నన్ను అడిగిండు, నిజంగ అన్నడా అని. నేనేం జెప్పాలె?"

"దీపా, బంద్ జెయ్యి గది," అన్నాడు ప్రేమ్‌చంద్. అతను పెద్ద కొడుకు. భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డంపర్ తోలుతాడు. రాత్రి షిఫ్టు దిగి బట్టల మీది బొగ్గు పొడితోనే తెల్లారేసరికి తండాకు చేరాడు.

"నేను బంద్ జేస్తె ఆగుతదా బావా? నీ సెల్లుల లేదా?"

ప్రేమ్‌చంద్ జేబులోంచి సెల్లు తీసి మళ్ళీ పెట్టేశాడు. "ఉన్నది. మా సూపర్‌వైజరే పంపిండు. నవ్వుడు బొమ్మ గూడ పెట్టిండు."

లోపల పొయ్యి దగ్గర అత్త సక్రి జొన్న రొట్టె చరుస్తోంది. చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. కందకం తవ్విన రోజు నుంచి, అంటే పది రోజుల నుంచి, ఆ ఇంట్లో ఆమె చేసే చప్పుడు అదొక్కటే.

"నేను గంతే చెప్పలే బిడ్డా," అన్నాడు ధన్‌సింగ్. "అద్దగంట జెప్పిన. మా నాయిన ఆ చెలక కొట్టిన సంగతి చెప్పిన. జంగ్లాతోళ్ళు మిషిను వెట్టి మా చెలక నడుమకెల్లి కందకం తవ్వుతుంటె మీ అత్త అడ్డం కూసున్నది చెప్పిన. గుంజులాటల ఆమె కింద పడ్డదని, దినేశ్ గాడు ఉరికొచ్చిండని, వాన్ని జూసి ఆ ఫారెస్టు సారు ఎనక్కు ఎనక్కు పోయి కందకంల పడ్డడని, చెయ్యి గట్ల ఇరిగిందని… అన్ని చెప్పిన. ఎవలు ఎవల్ని కొట్టలేదని జెప్పిన."

"మరి గవన్ని యేడ వోయినయ్?"

ధన్‌సింగ్ మంచం కోడును గోటితో గీకాడు.

"యేడ వోయినయో తెల్వదు, యేది మిగిలిందో లోకమంత తెలుసు," అని దీప ఫోను మంచం మీద విసిరేసింది. "నేను మా అవ్వగారింటికి పోత. దినేశ్ బయటికొస్తె ఫోన్ జెయ్యున్రి. రాకుంటె గూడ జెయ్యున్రి, ఎరికైతది."

ఆమె లోపలికి వెళ్ళింది. బ్యాగు జిప్పు లాగిన చప్పుడు బయటికి వినిపించింది.

ప్రేమ్‌చంద్ తండ్రి ముందు గొంతుక్కూచున్నాడు. "బాపూ, నేనొకటి అడుగుత. కోపం జెయ్యకు. గన్ని మాటలు ఉండంగ, మొట్టమొదట్ల గామాట ఎందుకన్నవు? మనది తప్పే కాదు గద."

ధన్‌సింగ్ కొడుకు వంక వింతగా చూశాడు, నీళ్ళెందుకు తాగుతావని అడిగినట్టు.

"పంచాయితిల కూసుంటె మొదట ఏమంటరు?"

"తప్పు మాదే అంటరు."

"ఎందుకంటరు?"

ప్రేమ్‌చంద్‌కు తెలుసు. ఈ తండాలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పంచాయితీలో మాట చెప్పుకోవాలంటే ముందు తలకున్న రుమాలు తీసి నేల మీద పెట్టాలి. తప్పు మాదే అనాలి. ఆ మాట అన్నవాడి మాటకు ఇక ఎవ్వరూ అడ్డం రాగూడదు. పగవాడైనా సరే, చివరిదాకా నోరు మూసుకుని వినాల్సిందే. నిజంగా తప్పు ఎవరిదన్నది ఆ తర్వాత తేలేది. ముందు తల వంచి మొత్తం మాట చెప్పే హక్కు తెచ్చుకోవడం, అంతే.

"తప్పు అని మొదలువెట్టినోని మాట నడుమ తెంపరు," అన్నాడు ధన్‌సింగ్. "తెంపితె పాపం. గందుకే అన్న."

"గాయన పంచాయితిల పెద్దమనిషి కాదు బాపు. టీవీ ఆయన."

"గొట్టం వెట్టి అడిగిండు. తలకాయ ఊపుకుంట ఇన్నడు. ఇంటున్నడనే అనుకున్న."

ప్రేమ్‌చంద్ లేచి చొక్కా దులుపుకున్నాడు. వకీలు శామ్యూల్ చెప్పింది అతని చెవిలోనే ఉంది. మంగళవారం బెయిలు పిటిషను. అవతలివాళ్ళు చూపించేది ఈ ముక్కనే. ముసలాయన అదే రోజు, అదే గంటలో, ఆ ఫారెస్టు సారు ఎట్లా పడ్డాడో చెప్పిన మొత్తం వీడియో ఉంటే దాని బలం వేరు. ఇప్పుడు కొత్తగా చెప్పేదాన్ని ఎవరు నమ్ముతారు?

మొత్తం వీడియో ఉన్నది ఒక్కడి దగ్గరే, టీవీకి వార్తలు పంపే స్ట్రింగర్ కరుణాకర్ దగ్గర. మానుకోటలో గది తాళం వేసి ఉంది. ఫోను మూడు రోజులుగా ఎత్తడం లేదు. సొంతూరు కొడకండ్ల అని ఇంకో రిపోర్టరు చెప్పాడు.

"లెవ్వు బాపు. పొయ్యొద్దాం. ఇయ్యాల ఆదివారం, ఇంటికాడ దొరుకుతడు."

తండ్రీ కొడుకులు రోడ్డెక్కేసరికి బస్సు ఆగే చోట సక్రి అప్పటికే నిలబడి ఉంది. కొంగులో రొట్టెలు కట్టుకుంది. మోచేతి మీద కందకం నాటి గాయం నల్లగా పక్కు కట్టింది.

"నువ్వెందుకు యాడీ?" అన్నాడు ప్రేమ్‌చంద్ తల్లితో.

ఆమె బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది.

*

మానుకోటలో బస్సు మారారు. తొర్రూరు బస్సు కిక్కిరిసి ఉంది. ధన్‌సింగ్‌కు ముందు వరుసలో సీటు దొరికింది, సక్రి వెనక ఎవరో ఆడమనిషి పక్కన ఇరుక్కుంది.

నెల్లికుదురు దాటాక ఒకాయన లేచి కండక్టరు మీద అరిచాడు. "ఏమయ్యా, స్టేజి దాటిపాయె! బెల్లు కొట్టుమని ఎన్నిసార్లు జెప్పాలె?"

కండక్టరు టికెట్ల మిషను చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. గొంతు వణికించి, నడుమ ఓ దగ్గు కూడా కలిపి అన్నాడు. "తప్పు మాదే సార్! మాకు మాఫీ జెయ్యున్రి!"

బస్సంతా గొల్లుమంది. స్టేజి దాటినాయన కూడా కోపం మరిచి నవ్వాడు.

"అచ్చం గట్లనే అన్నవు పో," అంది సక్రి పక్కనున్నామె కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత సక్రి వైపు తిరిగింది. "నువ్వు జూడలేదా అవ్వా? ఫోన్ల తిరుగుతుంది. ఓ ముసలాయన పాపం, మస్తు అమాయకుడు. మా ఇంట్ల మనుమరాలు అన్నం కింద పడేసినా గిదే మాట అంటది."

సక్రి కిటికీ వైపు తిరిగింది. ముందు వరుసలో ధన్‌సింగ్ రుమాలును తల మీది నుంచి మొహం మీదికి జార్చుకున్నాడు. నిద్రపోతున్నాడనే అందరూ అనుకున్నారు.

*

కొడకండ్లలో ఆ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. లోపల మగ్గం గుంట, గుమ్మం పక్కన రాట్నం. కరుణాకర్ భార్య యమున కండెలు చుడుతోంది. ముగ్గురినీ చూసి రాట్నం ఆపింది. మధ్యలో ఉన్న ముసలాయన మొహం చూడగానే ఎవరో ఆమెకు తెలిసిపోయింది.

"ఆయన లేడు," అంది వెంటనే.

ప్రేమ్‌చంద్ గుమ్మం పక్కకు చూశాడు. కిటికీ అంచు మీద స్పాంజి తొడుగు వేసిన మైకు గొట్టం ఉంది. దాని కిందే చార్జింగు పెట్టిన ఫోను ఉంది.

"ఫోను ఇడిసిపెట్టి రిపోర్టరు యాడికి పోతడు అక్కా?"

యమున మళ్ళీ రాట్నం తిప్పింది. నూలు తెగింది. లోపలి నుంచి కరుణాకర్ తనే బయటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గడ్డం పెరిగి ఉంది.

"కూసోన్రి కాకా," అన్నాడు. "యమునా, మంచినీళ్ళు దే."

"నీళ్ళొద్దు సార్. వీడియో కావాలె," అన్నాడు ప్రేమ్‌చంద్. "మా బాపు చెప్పింది మొత్తం."

కరుణాకర్ గోడకు చేరగిలబడ్డాడు. "లేదు తమ్మీ."

"లేదంటె?"

"బైట్ పంపినంక తీసేస్త. ఫోన్ల జాగ ఉండదు. ఆ రోజు మీ తండా కాడికెల్లి గూడూరు పోయిన, ఆడ ఇంకోటి. అది తియ్యాల్నంటె ఇది తీసెయ్యాలె. రోజు జేసే పనే. నీది ఒక్కదే కాదు."

"తీసేసినంక మళ్ళ తెప్పియ్యొస్తదట గద?"

"జూసిన. నీ తమ్మున్ని తీస్కపోయిన్రని తెల్వంగనే మానుకోట షాపుల ఇచ్చిన. దాని మీద ఇంక పది వీడియోలు ఎక్కినయ్, రాదన్నడు. గందుకే నీ ఫోను ఎత్తలే. ఎత్తి ఏం జెప్పాలె?"

ప్రేమ్‌చంద్ గడప మీద కూలబడ్డాడు. ఇంత దూరం వచ్చింది దేనికోసమో అది పది రోజుల కిందటే లేకుండా పోయింది.

ధన్‌సింగ్ నెమ్మదిగా అడిగాడు. "బైట్ బైట్ అంటరు. గది ఏంది సార్? నన్ను ఆ రోజు 'కాకా ఒక బైట్ ఇయ్యి' అన్నరు. నేను, ఏమున్నది, నా మొర అడుగుతున్నరనుకున్న."

కరుణాకర్ తల గోక్కున్నాడు. "మొర కాదు కాకా. ఎట్ల జెప్పాలె… మనిషి ఎంతసేపైన మాట్లాడుతడు. అండ్ల ఒక ముక్క తీస్తం. మొఖం కనబడాలె, గొంతు సాఫ్ ఉండాలె, ఇరవై సెకండ్లు. అది బైట్. ముందు జరిగింది, ఎనక జరిగింది మేం చెప్పుకుంటం. నడుమల మీ నోటితోని ఒక్క ముక్క."

"ఏ ముక్కనో ఎవలు జెప్తరు?"

"నేనే తీసిన." అతను దాచలేదు. "మొదట్ల నువ్వు సక్కగ మాట్లాడినవు. తర్వాత ఏడ్చినవు, పక్కకెల్లి మిషిను సప్పుడు. చానెల్ డెస్కోళ్ళేమో జల్ది జల్ది అని ఫోన్ల మీద ఫోన్లు. అన్నం ఉడికిందో లేదో సూడాల్నంటె ఒక్క మెతుకే గద కాకా పట్టి సూసేది? గట్లనే అనుకున్న."

"మెతుకు వట్టి సూసి కుండ దించుతరు," అన్నాడు ధన్‌సింగ్. "కుండను పారవొయ్యరు గద కొడకా."

కరుణాకర్ మొహం వాడిపోయింది. గోడ వదిలి వచ్చి ముసలాయన ముందు నేల మీద కూచున్నాడు.

"తప్పు నాదే కాకా."

ధన్‌సింగ్ నోరు మూసుకున్నాడు. వెన్ను నిటారుగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూడసాగాడు. ఆ మాట అన్నవాడు చెప్పేది చివరిదాకా వినాలి. అడ్డం రాగూడదు.

రాట్నం ఆగి ఉంది. వీధిలో ఎవరిదో మగ్గం టకటకా ఆడుతోంది. చాలాసేపు గడిచింది.

కరుణాకర్ దగ్గర ఆ తర్వాత చెప్పడానికి ఏమీ లేదు.

*

"మళ్ళొకటి తియ్యరాదు?" అంది యమున చివరికి. "ఆ పెద్దాయనతోని మళ్ళ మాట్లాడియ్యి. అది తిరిగినట్టే ఇది గూడ తిరుగుతది."

"తిరగదే. 'కొట్టలేదు' అంటె ఎవడు జూస్తడు?" అన్నాడు కరుణాకర్. అయినా లేచి ఫోను తెచ్చాడు. "ఇను కాకా. నీ తండ్రి సంగతొద్దు, చెలక సంగతొద్దు. ఒక్కటే ముచ్చట. నా కొడుకు కొట్టలేదు, ఆయనే పడ్డడు. ఇరవై సెకండ్ల లోపలుంటె డెస్కోళ్ళు ముట్టరు, దాటితె కోస్తరు. మొదట్లనే అసలు మాట అనాలె. సరేనా?"

ధన్‌సింగ్ సరేనన్నాడు. మగ్గం గుంట పక్కన వెలుతురులో కూచున్నాడు. తల మీది రుమాలు తీసి నేల మీద పెట్టాడు.

"తప్పు మా…"

"బాపూ!"

"మర్శిన. మళ్ళ తియ్యి."

రెండోసారి అదే మాట. మూడోసారి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ మొదటి మాట లేకుండా చెప్పబోతే, వెనకనున్న నిజమంతా కూడా అబద్ధంలా గొంతుకు అడ్డం పడుతోంది.

"ఇగ గాదు," అన్నాడు ప్రేమ్‌చంద్. "వట్టిగ ఎందుకు సతాయిస్తరు ఆయనను? పోదాం పాండ్రి."

"ఆగు," అన్నాడు ధన్‌సింగ్. అతని గొంతులో వణుకు లేదు. "సార్, కొట్టలేదంటె సూడరంటివి. కొట్టిన అంటె సూస్తరా?"

కరుణాకర్‌కు అర్థం కాలేదు.

"తియ్యి."

ఎర్ర చుక్క వెలిగింది. ఈసారి ధన్‌సింగ్ రుమాలు నేల మీద పెట్టలేదు. ఎత్తి తలకు చుట్టుకుని ఫోనులోకి సూటిగా చూశాడు.

"నా పేరు బానోత్ ధన్‌సింగ్. మాది ఇప్పచెలక తండా. ఆ రోజు జంగ్లాత్ సారును కందకంల నూకింది నా కొడుకు దినేశ్ కాదు. నేను నూకిన. నా ఈ చేతులతోని నూకిన. నా కొడుకును ఇడిసిపెట్టున్రి. నన్ను తీస్కపోన్రి."

దగ్గు లేదు, ఏడుపు లేదు. మాటలన్నీ సాఫుగా, ఒక్కొక్కటీ విడివిడిగా.

"బాపూ, ఏందిది?" ప్రేమ్‌చంద్ లేచి నిలబడ్డాడు. "నువ్వు ఆ పక్కనే లేవు గద! చెలక అవతలి గెట్టు మీద ఉన్నవు!"

"ఎవలు జూసిన్రు?"

"యాడి జూసింది! యాడి ఆన్నే పడి ఉండె!"

అందరూ సక్రి వైపు తిరిగారు. ఆమె గుమ్మం దగ్గర కొంగులో రొట్టెల మూటతో కూచుని ఉంది. కందకం అంచున పడి, కళ్ళెత్తి మొత్తం చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెను ఎవరూ గొట్టం పెట్టి అడగలేదు. భర్త వెళ్ళి మైకు ముందు కూచున్నప్పుడు తనను అడగమని ఆమె కూడా అనలేదు. ఆ రోజు నుంచే ఆమె నోరు మూతపడింది.

కరుణాకర్ చేతిలో ఫోను బరువెక్కింది. తన పనిలో ఇంత మంచి ముక్క అతనికి ఎప్పుడూ దొరకలేదు. మొదట్లోనే అసలు మాట, సాఫు గొంతు. కోయడానికి ఏమీ లేదు. పంపిన అరగంటలో లోకమంతా తిరుగుతుంది.

"కాకా, ఇది పోతె ఎనక్కు రాదు," అన్నాడు. "నిన్ను లోపలేస్తరు. వాన్ని ఇడుస్తరో లేదో గూడ తెల్వదు. ఇద్దర్ని వెట్టుకుంటె?"

"పంపు."

"అవ్వా," కరుణాకర్ సక్రి వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పు. పంపాల్నా?"

సక్రి లేచింది. రొట్టెల మూట గుమ్మం మీద పెట్టింది. పది రోజుల్లో మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. ఆ చూపుకు ధన్‌సింగ్ కళ్ళు దించుకున్నాడు.

"ఎన్ని సెకండ్లాయె?" అంది. పది రోజులు వాడని గొంతు, గీసుకుపోయినట్టు వచ్చింది.

కరుణాకర్ ఫోను చూశాడు. ధన్‌సింగ్ మాట అయిపోగానే రికార్డింగు ఆపి ఉంచాడు. "పద్దెనిమిది."

"ఇరవై దాటితె కోస్తరంటివి."

"అవునవ్వా."

"ఇంక రెండున్నయ్."

ఆమె వచ్చి మొగుడి పక్కన, మోకాలుకు మోకాలు తగిలేటట్టు నేల మీద కూచుంది. గాయం ఉన్న మోచెయ్యి కనబడేటట్టు కొంగు వెనక్కి తోసింది. కందకం అంచున చూసిందంతా ఆ రెండు సెకండ్లలో పట్టదు. ఒక్క నిజం పడుతుంది. లేదంటే ఒక్క అబద్ధం పడుతుంది.

"సక్రీ," అన్నాడు ధన్‌సింగ్ మెల్లగా, బతిమాలుతున్నట్టు.

ఆమె అతని వైపు చూడలేదు.

"గవి నాయి," అంది ఫోను వైపు తిరిగి. "తియ్యి కొడకా."

ఎర్ర చుక్క వెలిగింది. సక్రి నోరు తెరిచింది.